డొల్ల కత్తి: దిగుమతి క్యాడ్ నమూనాలలో తప్పిపోయే ఘనరూపం

పత్తి చివరి తీత ముగిసిన తరువాత గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలల్లో మిగిలేది ఎండు కట్టె. ఆ కట్టెను అంటిపెట్టుకొని ఉన్న, సరిగా విచ్చుకోని కాయలలో గులాబీరంగు పురుగు లార్వా నిద్రావస్థలో తలదాచుకుంటుంది. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించినప్పుడు ఈ పురుగు పీడ విరగడైందని చాలామంది భావించారు. 2006లో రెండు జన్యువుల బీటీ పత్తి వచ్చింది. మరో పదేళ్లు తిరిగేసరికి పురుగు ఆ రెండింటినీ తట్టుకొని నిలబడింది. పంటకాలాన్ని పొడిగించరాదనీ, కట్టెను చేలో నిలువ ఉంచరాదనీ, ముక్కలుగా నరికి నేలలో కలపాలనీ శాస్త్రవేత్తలు పదే పదే చెప్పడానికి కారణమిదే. చేతితో పీకి తగులబెట్టడం సులువుగా కనిపించినా, నేలకు చేరవలసిన సేంద్రియ పదార్థం పొగగా పోతుంది. కనుక ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టుతో నడిచే ష్రెడ్డరు అవసరం ఏటా పెరుగుతున్నది.

ష్రెడ్డరు చూడడానికి మొరటు యంత్రమే. లోపల ఒక రోటరు, దానికి పిన్నులతో వేలాడదీసిన కత్తుల వరుస, పైన ఉక్కు కప్పు. కాని మొరటు యంత్రానికీ లెక్క తప్పదు. కత్తి బరువెంత, పిన్నుపై పడే లాగుడెంత, రోటరు గురుత్వకేంద్రం షాఫ్టు ఇరుసు మీదనే ఉన్నదా, లేదా పక్కకు జరిగిందా అన్న ప్రశ్నలకు ఇప్పుడు క్యాడ్ తెర మీదనే సమాధానం వెదుకుతున్నారు. బాపట్లలో 1983లో ఏర్పడిన వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలోని విద్యార్థి అయినా, పట్టణ శివారు షెడ్డులో లేజర్ కటింగుకు డ్రాయింగు సిద్ధం చేసే యువకుడైనా యంత్రం మొత్తాన్ని మొదటినుంచి గీయడం అరుదు. గేరుబాక్సు నమూనా ఒక తయారీదారు నుంచి, బేరింగు మరొకరి నుంచి, కత్తి ఇంకొకరి నుంచి వస్తాయి. అవి వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో పుట్టినవి. వాటిని ఒకచోట చేర్చేటప్పుడే ఈ వ్యాసంలో చెప్పబోయే చిక్కు మొదలవుతుంది.

ఫైలు తెరుచుకుంటుంది. కత్తి తెరపై నిగనిగలాడుతూ కనిపిస్తుంది; తిప్పితే తిరుగుతుంది, వెలుగునీడలు సక్రమంగా పడతాయి. బరువు అడిగితే మాత్రం సున్నా. అడ్డంగా కోసి చూస్తే లోపల ఉక్కు లేదు. రేకు మందం కూడా లేని వట్టి తొక్క. దానికి రంధ్రం వేయబోతే ఆదేశం పనిచేయదు, బల విశ్లేషణకు పంపితే తిరస్కరణ వస్తుంది. సాలిడ్ అని వ్యవహరించే ఘనరూపం దారిలో ఎక్కడో జారిపోయి, సర్ఫేస్ అనే ఉపరితలం మాత్రమే గమ్యం చేరింది.

టిక్కీ కుట్టు వంటిది

కంప్యూటరు ఘనవస్తువును ఇనుపముద్దగా గుర్తుపెట్టుకోదు. వస్తువు చుట్టూ ఉన్న ముఖాలను, ముఖాలు కలిసే అంచులను, అంచులు కలిసే శీర్షాలను, వీటిలో ఏది దేనికి పొరుగు అన్న పట్టికను భద్రపరుస్తుంది. ఈ పద్ధతికి బ్రెప్ అని పేరు. హద్దులు చెప్పి పొలాన్ని గుర్తించడం వంటిది. నాలుగు వైపులా హద్దు కలిస్తేనే విస్తీర్ణం లెక్క తేలుతుంది. ఒక పక్క గట్టు తెగితే లోపల ఏది, వెలుపల ఏది అన్న ప్రశ్నకే అర్థం ఉండదు.

గుంటూరు మిర్చియార్డులో టిక్కీ చూసినవారికి దీనిని వివరించడం తేలిక. గోనెపట్టా ముక్కలు విడివిడిగా ఉన్నంతకాలం అవి పట్టాలే. అంచుకు అంచు చేర్చి దబ్బనంతో కుట్టినప్పుడే అది టిక్కీ అవుతుంది, కాయ నిలుస్తుంది, కాటా మీద తూకం వస్తుంది. క్యాడ్ పరిభాషలో కూడా ఈ పనిని స్టిచింగ్, సూయింగ్, నిట్టింగ్ అనే అంటారు. మూడూ కుట్టుపనికి చెందిన మాటలే. కుట్టు సరిగా ఉన్నదనడానికి నియమం ఒక్కటే: ప్రతి అంచునూ సరిగ్గా రెండు ముఖాలు పంచుకోవాలి. ఒక ముఖానికే చెందిన అంచు కనిపిస్తే అక్కడ చిరుగు ఉన్నట్లు. మూడు నాలుగు ముఖాలు ఒకే అంచును పట్టుకొని ఉంటే రెండు సంచులను కలిపి కుట్టేసినట్లు. వెల్డింగు చేయవలసిన పలకలు అంచు దగ్గర మాత్రమే తాకేలా గీసినప్పుడు ఈ దోషం తరచుగా వస్తుంది. అన్ని ముఖాల బయటివైపు నిజంగా బయటికే ఉండాలన్నది దీనికి అనుబంధ నియమం. ఒక పట్టాను తిరగేసి కుట్టినా తూకం చెడుతుంది.

పద్దెనిమిదవ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ సూత్రం ఇక్కడ నేటికీ పనికివస్తున్నది. శీర్షాల సంఖ్య నుంచి అంచుల సంఖ్య తీసివేసి ముఖాల సంఖ్య కలిపితే, రంధ్రాలు లేని బహుముఖికి 2 రావాలి. ఘనానికి 8 శీర్షాలు, 12 అంచులు, 6 ముఖాలు; జవాబు 2. ఒక ముఖం ఊడిపోతే జవాబు 1. ఆరుపార రంధ్రాలున్న భాగాలకు సూత్రంలో సవరణ చేర్చాలి. సాఫ్ట్‌వేర్ ఆ పని చూసుకుంటుంది. అయితే లెక్క సరిపోయినంత మాత్రాన నమూనా మంచిదని తేలదు. ఒక ముఖం మరొక ముఖాన్ని చీల్చుకుంటూ పోయినా ఈ సంఖ్యలు మారవు.

పూర్తిగా డొల్ల అయిన నమూనాతో ప్రమాదం తక్కువ. సున్నా బరువు చూపి తన తప్పును తానే చెప్పుకుంటుంది. త్రిభుజాల జాలంతో పనిచేసే కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం చిరుగున్న తొక్కకు కూడా ఏదో ఒక ఘనపరిమాణం చెబుతాయి. ఒక్కొక్క త్రిభుజాన్ని మూలబిందువుతో కలిపి చతుర్ముఖిగా భావించి, అన్నింటినీ గుర్తులతో సహా కూడడం వాటి పద్ధతి. తొక్క మూసి ఉంటే ఈ మొత్తం ఖచ్చితం. తెరిచి ఉంటే మూలబిందువు ఎక్కడున్నదన్న దానిని బట్టి మొత్తం మారిపోతుంది. అందువల్ల ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. భాగాన్ని ఉన్నచోటి నుంచి ఒక మీటరు మూలకు జరిపి ఘనపరిమాణం మళ్లీ అడగాలి. జరిపినందువల్ల ఉక్కు పెరగదు, తరగదు. అంకె మారితే ఆ నమూనాకు చిరుగు ఉన్నట్లే.

దారిలో ఎందుకు జారిపోతుంది

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి నమూనా చేర్చడానికి మధ్యవర్తి ఫైలు కావాలి. 1980లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ప్రచురించిన ఐజెస్ ఈ కోవలో తొలి పేరు. కాగితం మీది డ్రాయింగు కంప్యూటరుకు మారుతున్న కాలమది. గీతలు, వక్రాలు, ఉపరితలాలు పంపడమే నాటి అవసరం. ఘనరూపం పంపే ఏర్పాటు తరువాతి కూర్పులలో చేరినా, నేటికీ చాలా ఐజెస్ ఫైళ్లు ఉపరితలాలనే మోస్తాయి. ఆరు ముఖాల పెట్టె ఆరు విడి రేకులుగా చేరుతుంది. ఏ రేకు దేనికి పొరుగో చెప్పే పట్టిక రాదు. 1994లో ఐఎస్ఓ 10303 పేరుతో మొదటిసారి వెలువడిన స్టెప్ ప్రమాణం ఆ పట్టికను కూడా తీసుకువస్తుంది. 1987 నాటి ఎస్‌టీఎల్ త్రిమితీయ ముద్రణ కోసం పుట్టినది. అందులో త్రిభుజాలు తప్ప మరేమీ లేవు. కొలత మిల్లీమీటర్లలోనా, అంగుళాలలోనా అన్న సంగతి కూడా ఆ ఫైలు చెప్పదు.

స్టెప్ ఫైలు వచ్చినా నష్టం జరుగుతూనే ఉన్నదంటే కారణం ప్రమాణంలో లేదు, కొలత సూక్ష్మతలో ఉన్నది. ప్రతి క్యాడ్ సాఫ్ట్‌వేర్ లోపల కెర్నెల్ అనే గణితయంత్రం ఉంటుంది. రెండు బిందువుల మధ్య ఎంత దూరం వరకు వాటిని ఒకటే అనుకోవచ్చో అది నిర్ణయిస్తుంది. కాటియా సాధారణ అమరికలో ఆ హద్దు 0.001 మి.మీ. సాలిడ్‌వర్క్స్, ఎన్ఎక్స్, సాలిడ్ ఎడ్జ్ వంటివి ఆధారపడే పారాసాలిడ్ కెర్నెల్‌లో అది 0.00001 మి.మీ. మొదటి ఇంట్లో అతుక్కుపోయినట్లు లెక్కకు వచ్చిన సందు, రెండో ఇంట్లో హద్దుకు నూరు రెట్ల చీలికగా కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు. కాయలు నింపే టిక్కీకి కాయ జారనంత సందు సందే కాదు; కారప్పొడి నింపే సంచికి అదే పెద్ద చిల్లు. ఇటువంటి సందులను అంచు అంచుకూ విడిగా సహించే ఏర్పాటు నేటి కెర్నెళ్లలో ఉన్నందువల్లనే చాలా ఫైళ్లు ఏ గొడవా లేకుండా తెరుచుకుంటున్నాయి. ఆ సహనానికి కూడా లొంగనివే మరమ్మతుకు వస్తాయి.

కొన్నిసార్లు ఘనరూపం జారిపోదు. అసలు పంపనే పంపరు. తన గేరుబాక్సు లోపలి నిర్మాణం పోటీదారుకు తెలియకూడదని తయారీదారు పైతొక్కను మాత్రమే ఇవ్వడం కద్దు. అటువంటి నమూనాను గంటల తరబడి కుట్టి ఘనరూపం చేసినా వచ్చేది నిండు ఇనుపదిమ్మె బరువు. లోపల గేర్లు, నూనె, ఖాళీ జాగా ఉన్న పెట్టెకు ఆ బరువు ఏ విధంగానూ సరిపోదు. అక్కడ కుట్టుపని మాని, బరువు, గురుత్వకేంద్రం వివరాలను తయారీదారు కరపత్రం నుంచి తీసుకొని చేతితో నమోదు చేయడమే సరైన పని.

ఈ చిక్కు చిన్న షెడ్డులకే పరిమితమైనది కాదు. అమెరికా కార్ల పరిశ్రమలో ఇటువంటి సమాచార మార్పిడి లోపాల వల్ల ఏటా కనీసం 100 కోట్ల డాలర్ల నష్టం జరుగుతున్నదని అక్కడి ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం 1999లో చేసిన అధ్యయనం అంచనా వేసింది. కార్ల కంపెనీకి ఆ పని కోసమే ప్రత్యేక బృందం ఉంటుంది. ష్రెడ్డరు చేసే షెడ్డులో డ్రాయింగు గీసేవాడు, బిల్లు రాసేవాడు తరచుగా ఒక్కడే.

ఒక కత్తి లెక్క

విషయం ఎంత దూరం పోగలదో ఒక ఊహాజనిత కత్తితో చూడవచ్చు. 150 మి.మీ. పొడవు, 60 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం గల ఉక్కు పలక. ఒక చివర పిన్ను కోసం 20 మి.మీ. రంధ్రం. పలక ఘనపరిమాణం 90 ఘన సెంటీమీటర్లు, రంధ్రానిది 3.14. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు. రంధ్రం పోను కత్తి బరువు సుమారు 682 గ్రాములు.

కొలమానం తారుమారైతే తప్పు వెంటనే బయటపడుతుంది. మిల్లీమీటర్లను అంగుళాలుగా చదివితే పొడవు 25.4 రెట్లు, ఘనపరిమాణం 16,387 రెట్లు పెరిగి ఆ కత్తి 11 టన్నులు తూగుతుంది. అది చూసి నవ్వుకొని సరిదిద్దుకుంటారు. నవ్వు రానివ్వని తప్పు వేరే ఉన్నది. పలక పై ముఖంలో రంధ్రపు గుండ్రటి గీత ఒక కత్తిరింపు వక్రం. ముఖంలో ఆ భాగం లేదని చెప్పేది అదే. మార్పిడిలో పై ముఖం, కింది ముఖం రెండింటిలోనూ ఈ వక్రం పోతే ముఖాలు నిండుగా మిగిలి, రంధ్రం మాయమవుతుంది. లోపలి గొట్టం ఆకారపు ముఖం ఒంటరిగా వేలాడుతుంది. తక్కిన తొక్క అన్నివైపులా చక్కగా మూసుకొని ఉన్నందున స్వయంచాలక మరమ్మతు ఆదేశం దానిని ఘనరూపంగా మార్చి, పని విజయవంతమైందని చెబుతుంది. ఆయిలర్ లెక్క 2 వస్తుంది. బరువు 706 గ్రాములు చూపుతుంది. అనుమానించడానికి తెరపై ఏమీ ఉండదు. దిగుమతి నివేదికలో ‘ఒక సాలిడ్, ఒక సర్ఫేస్’ అన్న చిన్న వరుస ఒక్కటే సాక్ష్యం. ఆ రెండో మాటను ఎవరూ చదవరు.

తేడా పాతిక గ్రాములే. అయితే రోటరు నిమిషానికి 1800 చుట్లు తిరుగుతూ, కత్తి గురుత్వకేంద్రం ఇరుసు నుంచి 30 సెం.మీ. దూరంలో ఉన్నదనుకుంటే, 682 గ్రాముల కత్తి తన పిన్నును సుమారు 7,270 న్యూటన్ల బలంతో బయటికి లాగుతుంది. అంటే దాదాపు 740 కిలోల బరువు వేలాడదీసినట్లు. పాతిక గ్రాముల వాటా 260 న్యూటన్లకు పైనే, సుమారు 27 కిలోలు. రోటరు మీద ఒక పక్కనున్న భాగానికి ఎదురుగా ఎంత సమతూకపు బిళ్ల పెట్టాలో ఇటువంటి నమూనా నుంచి లెక్కిస్తే, ఆ 27 కిలోల లాగుడు సెకనుకు 30 సార్లు దిశ మారుస్తూ బేరింగులను కుదుపుతుంది. బ్యాలెన్సింగు యంత్రం ఉన్నచోట దీనిని పట్టుకోవచ్చు. అది లేనిచోట మొదట బేరింగు వేడెక్కుతుంది, తరువాత వెల్డింగు పగులుతుంది. పత్తి కట్టె కొట్టవలసిన అదనులో, మిరప కోతకు కూలీలు దొరకని రోజులలో, అద్దె యంత్రం చేలో ఆగిపోతే రైతుకు పోయేది ఆ రోజు బాడుగ మాత్రమే కాదు.

బలం లెక్కలో దోషం ఇంతకంటే లోతైనది. నిజమైన కత్తిలో రంధ్రం ఉన్నచోట 60 మి.మీ. వెడల్పులో 40 మాత్రమే మిగులుతుంది. సగటు ఒత్తిడి 18 మెగాపాస్కల్‌ల పైచిలుకు. రంధ్రం మాయమైన నమూనాలో 12 మాత్రమే కనిపిస్తుంది. పైగా రంధ్రపు అంచున ఒత్తిడి సగటుకు రెండు రెట్లకు మించి పోగుపడుతుంది. ఆ సంగతి ఈ నమూనా అసలే చెప్పదు. ఉక్కుకు ఈ అంకెలు భారమైనవి కావు, నిజమే. కాని ష్రెడ్డరు కత్తి మెత్తని గాలిలో తిరగదు. మోడు, రాయి, గట్టిపడిన రేగడి పెళ్ల తగిలినప్పుడల్లా దెబ్బ ఆ రంధ్రపు అంచుకే చేరుతుంది. కత్తి విరిగేది అక్కడే, విరిగిన ముక్క ఎగిరేదీ అక్కడినుంచే.

మరమ్మతు వరుస

అనుభవమున్నవారు కుట్టు మొదలుపెట్టే ముందు ఒక ఉత్తరం రాస్తారు. ఐజెస్ పంపినవారిని స్టెప్ అడగడం, పంపేవారి సాఫ్ట్‌వేరు, తమ సాఫ్ట్‌వేరు రెండూ పారాసాలిడ్ మీదనే నడుస్తుంటే ఆ కెర్నెల్ సొంత ఫైలు అడగడం అన్నింటికంటే చవకైన మరమ్మతు. అడిగితే వచ్చేదానికి రెండు రోజులు కుస్తీ పట్టడం మన షెడ్డులలో తరచుగా కనిపించే వృథా శ్రమ.

స్టెప్ ఫైలు సాదా అక్షరాలతో రాసినదే కనుక నోట్‌ప్యాడులో తెరిచి చూడవచ్చు. అందులో మానిఫోల్డ్ సాలిడ్ బ్రెప్ అన్న మాట ఉంటే పంపినవారు ఘనరూపమే పంపినట్లు. నష్టం చదివేటప్పుడు జరిగింది. షెల్ బేస్డ్ సర్ఫేస్ మోడల్, ఓపెన్ షెల్ అన్న మాటలే కనిపిస్తే పంపినప్పుడే అది తొక్క. కొలమానం, ఆ నమూనాకు వర్తించే సూక్ష్మతా హద్దు కూడా అదే ఫైలులో రాసి ఉంటాయి. ఈ రెండు నిమిషాల పరిశీలన తరువాతి పనిలో సగం దారి చూపుతుంది.

ఇక కుట్టు. ముందుగా విడి అంచులను రంగులో చూపమని సాఫ్ట్‌వేర్‌ను అడిగి, చిరుగులు ఎక్కడున్నాయో, ఎన్ని ఉన్నాయో చూడాలి. చిరుగంతా ఒకే ముఖం చుట్టూ ఉంటే ఆ ముఖమే చెడ్డది. వెంట్రుకవాసి సన్నని పీలికగానో, తనను తానే దాటుకుంటూనో ఉంటుంది. దానిని బాగుచేయబోవడం కంటే తొలగించి, పొరుగు ముఖాలను సాగదీసి మళ్లీ కత్తిరించడం మేలు. చదునైన చోటైతే కొత్త అతుకు వేయడం తేలిక. వంపు తిరిగిన చోట అతుకు పొరుగువారి వంపును అనుసరించకపోతే కత్తి అంచున సొట్ట పడుతుంది. చిరుగులు నమూనా అంతటా సన్నగా పరచుకొని ఉంటే ముఖాలు మంచివే, కుట్టు హద్దు మాత్రమే చాలలేదు. అప్పుడు హద్దును 0.001 మి.మీ. వద్ద మొదలుపెట్టి, ప్రతిసారీ మిగిలిన విడి అంచులను లెక్కిస్తూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

ఒక్కసారిగా పెద్ద హద్దు పెట్టి అన్నీ మూసేయాలన్న ఆశ ఇక్కడే పుడుతుంది. హద్దు 0.5 మి.మీ.కు చేరితే అంతకంటే పొట్టి అంచులన్నీ బిందువులుగా కుంచించుకుపోతాయి. కత్తి అంచుకు పెట్టిన చిన్న చాంఫరు, రంధ్రపు అంచు నునుపు, వెల్డింగు సందు కోసం విడిచిన ఖాళీ, అన్నీ ఆ కుట్టులో కలిసిపోతాయి. నమూనా మూసుకుంటుంది, కాని ఇప్పుడది పంపినవారి కత్తి కాదు. భాగంలోని అతి చిన్న అవసరమైన కొలతలో పదోవంతును కుట్టు హద్దు దాటకూడదని పెట్టుకుంటే చేతికి ఒక అడ్డుగోడ ఉంటుంది.

ఈ పనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. 1999లో అందరికీ తెరిచిన ఓపెన్ క్యాస్కేడ్ కెర్నెల్ ఆధారంగా నడిచే ఫ్రీక్యాడ్ 2002 నుంచి ఉచితంగా లభిస్తున్నది. 2024 నవంబరులో దాని 1.0 కూర్పు వచ్చింది. జ్యామితి దోషాలను వెదికే పరిశీలన, తొక్కను కుట్టడం, తొక్క నుంచి ఘనరూపం చేయడం అందులోనే ఉన్నాయి. త్రిభుజాల జాలాన్ని కుట్టేటప్పుడు అది ముందుగా చూపే హద్దు 0.1 మి.మీ.; దానిని చూడకుండా సరేనని నొక్కరాదు.

మిరప యంత్రం నుంచి వచ్చే వేరే చిక్కు

మిరప ప్రాంతంలో అవసరం మరో రూపంలో ఎదురవుతుంది. షేడ్‌నెట్లలో ప్రోట్రేలలో పెంచిన నారు విరివిగా దొరుకుతున్నందున, నాటే యంత్రాలపై ఆసక్తి పెరిగింది. ఈ యంత్రాలలో నారును నేలలోకి దించి నోరు తెరిచే ముక్కు వంటి భాగం బంకమట్టి రాపిడికి త్వరగా అరుగుతుంది. విడిభాగం దూరదేశం నుంచి రావాలి. నాట్ల అదను అంతకాలం ఆగదు. దానితో అరిగిన ముక్కునే త్రిమితీయ స్కానరు కింద పెట్టి నమూనా తీయడం కొత్త అలవాటుగా మారుతున్నది.

స్కానరు ఇచ్చేది లక్షల త్రిభుజాల జాలం. దానిని కుట్టి ఘనరూపంగా మార్చమంటే సాఫ్ట్‌వేర్ ప్రతి త్రిభుజాన్నీ ఒక ముఖంగా చేసి మార్చేస్తుంది. శాస్త్రం ప్రకారం అది ఘనరూపమే. బరువు కూడా సరిగానే చెబుతుంది. కాని అందులో సమతలం లేదు, స్తూపం లేదు, పట్టుకొని కొలత మార్చడానికి ఒక్క పిడి కూడా లేదు. రంధ్రం గుండ్రంగా ఉండదు, బహుభుజిగా ఉంటుంది. 20 మి.మీ. రంధ్రాన్ని ఎస్‌టీఎల్ ఫైలులో 24 పలకలుగా రాస్తే, శీర్షాలు వృత్తం మీద ఉన్నా, ఎదురెదురు పలకల మధ్య దూరం 19.83 మి.మీ. మాత్రమే. ఉన్నదున్నట్లు తయారుచేస్తే 20 మి.మీ. పిన్ను అందులో పట్టదు.

కనుక జాలాన్ని మార్చడం కాకుండా, జాలం మీద కొలిచి మళ్లీ గీయాలి. ఈ త్రిభుజాలు ఒక సమతలానికి చెందినవి, ఇవి ఒక స్తూపానికి చెందినవి అని గుర్తించి, ఆ సమతలాన్ని, స్తూపాన్ని సిసలైన కొలతలతో నిలబెట్టాలి. స్కానులో 19.94 అని వస్తే అది 20 అని నిర్ణయించవలసినది మనిషే. ఇంకొక మెలిక ఉన్నది. స్కాను చేసినది అరిగిన భాగాన్ని. అరుగుదలను కూడా స్కానరు శ్రద్ధగా నకలు తీస్తుంది. ఎడమ పెదవి కుడిదాని కంటే రెండు మిల్లీమీటర్లు పొట్టిగా వస్తే అది రూపకల్పనా, రాపిడా అని తేల్చడానికి రాపిడి తగలని చోట్లు, అంటే బోల్టు పట్టిన వెనుక భాగం, కీలు చుట్టుపక్కల ముఖాలు, కొలబద్దగా నిలుస్తాయి. యంత్రం నడిపిన రైతును అడిగితే ఇంకా త్వరగా తేలుతుంది.

అసలు మరమ్మతే అక్కరలేని సందర్భాలు తక్కువేమీ కావు. పైన చెప్పిన కత్తి వంటి పలకకు నాలుగు కొలతలు, ఒక రంధ్రం. దిగుమతి తొక్కను అడుగున ఉంచి, దాని మీద కొలతలు చూసుకుంటూ కొత్తగా గీయడానికి పది నిమిషాలు చాలు. అలా గీసిన నమూనాకు వెడల్పు, మందం, రంధ్రం మార్చుకునే వీలుంటుంది. కుట్టిన నమూనాకు అది ఉండదు. గేరు పళ్లు, పోత పోసిన పెట్టెలు, వంపు తిరిగిన రెక్కలు వంటి వాటికే కుట్టు శ్రమ తగినది. చదును పలకలు, గొట్టాలు, యాంగిళ్లతో అయ్యే గొర్రు, గుంటక, బెడ్‌మేకరు చట్రాలకు తిరిగి గీయడమే న్యాయం.

కాటా మీద

మరమ్మతు చేసిన నమూనాకు సంతకం పెట్టే ముందు మూడు అంకెలు పక్కపక్కన రాసుకోవడం మంచిది: సాఫ్ట్‌వేర్ చెప్పిన బరువు, పొడవు వెడల్పు మందాలతో చేతితో వేసిన బరువు, మొదటి భాగం కోసిన తరువాత షెడ్డులోని ఎలక్ట్రానిక్ కాటా చూపిన బరువు. ఊహాకత్తి విషయంలో మొదటిది 706, రెండవది 682 వస్తే కాటా దాకా పోనక్కరలేదు. రంధ్రం ఎక్కడ పోయిందో వెదకవచ్చు. మొదటి రెండూ 682 చూపి కాటా 650 చూపితే నమూనా తప్పు కాదు; 10 మి.మీ. అని కొన్న పలక మందాన్ని వెర్నియరుతో కొలవాలి.

లేత్ షెడ్డుకు వెళ్లే డ్రాయింగు మూలన మూడు వరుసలు చేర్చడానికి చోటు ఎప్పుడూ ఉంటుంది. నమూనా ఏ ఫైలు నుంచి, ఏ కొలమానంలో వచ్చింది. ఏ హద్దుతో కుట్టారు. ఏ ముఖాలను తొలగించి అతుకు వేశారు. మరుసటి ఏడాది పత్తి తీత ముగిసేనాటికి అదే కత్తిని ఇంకొకరు పొడిగించవలసి వస్తే, వారు మొదట చూసేది ఆ మూడు వరుసలనే.